ఇది మన గోలే అని చెప్పేవాళ్ళు

ఈమధ్య ఘట్‌కేసర్ దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్పేస్ క్లబ్ పిల్లలు మీటింగ్ పెట్టుకుని, తెలిసిన కుర్రాడొకడు "అన్నా, నువ్వు టెర్రస్ మీద యాంటెనాలు పట్టుకుని తిరుగుతుంటావు కదా, ఒకసారి రా" అంటే వెళ్ళాను. గేటు దగ్గరే ఫ్లెక్సీ. ఆకుపచ్చ మొహం, ఇంతింత కళ్ళు, కింద పెద్దక్షరాల్లో "ఏలియన్ సిగ్నల్‌ని ప్రపంచంలో మొట్టమొదట పట్టుకునేది మీరే కావచ్చు!" అని. వాలంటీర్లు కావాలంట.

లోపల స్లైడ్లు బాగానే చేశారు, పిల్లలు కష్టపడ్డారని తెలుస్తూనే ఉంది. ప్రశ్నల టైములో వెనక వరసలోంచి ఒకబ్బాయి లేచి "సర్, సర్టిఫికెట్ ఇస్తారా?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. వాడడిగింది న్యాయమైన ప్రశ్నే, నా టైమిస్తే నాకేమొస్తుందని. దానికి స్టేజి మీదున్నవాళ్ళ దగ్గర జవాబు లేదు, ఫ్లెక్సీ మీదున్న ముక్కే మళ్ళీ చెప్పారు, ఏమో తమ్ముడూ, రేపు నీ పేరే పేపర్లో పడొచ్చు అని.

పడదు. ఇన్నేళ్ళలో ఎవరి పేరూ అలా పడలేదు, వీడి పేరు పడుతుందని ఆశపెట్టి పనిలోకి దింపడం నాకు నచ్చలేదు. నేను చూసినంతవరకూ ఈ వెతుకులాటలో వాలంటీరుకి దొరికే అసలు పని ఏంటంటే, టెలిస్కోప్ పట్టుకున్న లక్షల సిగ్నళ్ళు ముందేసుకుని ఇది మనదే, ఇదీ మనదే, ఇది కూడా మన గోలే (అంటే మనుషుల సామాను పుట్టించిన రేడియో గోల) అని పక్కన పెడుతూ పోవడం. అది చిన్న పనని నేననుకోను, ఇంకా చెప్పాలంటే మిగతా పనులన్నిటికంటే అదే కొరతగా ఉంది. అయితే మనుషుల్ని పిలిచేటప్పుడు ఆ పని పేరే చెప్పి పిలవాలి అని నా గొడవ. ఇంటికొచ్చాక కూడా బుర్రలోంచి పోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

కరెంటు చందా

నా వయసువాళ్ళకి ఈ విషయంలో వాలంటీర్ అనగానే గుర్తొచ్చేది సెటీ ఎట్ హోమ్ స్క్రీన్‌సేవరే (సెటీ అంటే భూమి అవతలి తెలివైన జీవుల కోసం వెతకడం). 1999 మేలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు వదిలారు. అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్లో ల్యాబ్ చూసుకునేవాణ్ణి, ఓనర్ని అడిగే పెట్టాను (ఆయనకి ఏమర్థమైందో గానీ "స్క్రీన్ బాగుంది, అడ్మిషన్లకి వచ్చినవాళ్ళకి చూపించు" అన్నాడు). రాత్రి షట్టర్ దించేటప్పుడు చీకట్లో మానిటర్ల మీద ఆ ఎరుపూ పసుపూ గ్రాఫులు కదుల్తా ఉండేవి.

వెనకాల జరిగేది ఇది. ప్యూర్టో రికోలో అరెసిబో దగ్గర 305 మీటర్ల డిష్ ఎవరి పని మీదో ఆకాశాన్ని చూస్తుంటే, వీళ్ళు దానికే ఇంకో రిసీవర్ తగిలించుకుని పక్కనించి రికార్డ్ చేసుకునేవాళ్ళు. అదంతా 35 గిగాబైట్ల టేపులకెక్కి పోస్టులో బర్క్‌లీకి వచ్చేది, నెట్లో పంపేంత లైను అక్కడ లేదు మరి. 1420 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల రెండున్నర మెగాహెర్ట్జ్‌ని 10 కిలోహెర్ట్జ్ వెడల్పు, 107 సెకన్ల నిడివి ముక్కలుగా కోసి ఇంటికో ముక్క పంపేవాళ్ళు. ముక్క 350 కేబీ ఉండేదేమో, డయలప్‌లో కూడా దిగేది. దాన్ని నమలడానికి మాత్రం మా పెంటియంలకి ఒక రాత్రి చాలేది కాదు. ఎందుకంటే భూమి తిరుగుతోంది, అవతలి గ్రహం అంటూ ఉంటే అదీ తిరుగుతుంది, కాబట్టి సిగ్నల్ ఫ్రీక్వెన్సీ ఒకచోట నిలబడదు, జారుతుంది, ఎంత జారుతుందో తెలీదు కాబట్టి వేల రకాల జారుళ్ళు వేసి చూడాలి. ఇంకోటి, సిగ్నల్ నిజంగా ఆకాశంలో ఒక చోటినించే వస్తుంటే డిష్ చూపు దాని మీదనించి దాటిపోవడానికి 12 సెకన్లు పడుతుంది, అంటే మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాలి. టక్కున వచ్చి టక్కున పోయిందంటే దగ్గర్లో ఏ రాడారో.

50 లక్షల మందికి పైగా చేరారు దాంట్లో. ర్యాంకులు పెట్టారు కాబట్టి ర్యాంకుల కోసం సాఫ్ట్‌వేర్ని గెలికి దొంగ రిజల్టులు పంపినవాళ్ళూ బయల్దేరారు, దాంతో ఒకే ముక్కని ఇద్దరు ముగ్గురికి పంపి జవాబులు సరిపోయాయో లేదో చూసుకోవాల్సొచ్చింది. మనుషులు మనుషులే. అమెరికాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ కంప్యూటర్లన్నిట్లో ఇది పెట్టినందుకు అక్కడి ఐటీ ఆయన 2009లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు, కరెంటెవరిది, కంప్యూటరెవరిది అని.

2020 మార్చి 31న పని పంచడం ఆపేశారు. అరెసిబో డిష్ కూలిపోయింది కాబట్టి ఆపారు అనుకుంటారు చాలామంది, కానీ డిష్ కూలింది ఆ ఏడాది డిసెంబర్ 1న, ఇది అంతకుముందే ఆగింది. కారణం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది: కావాల్సినంత లెక్క అయిపోయింది, వచ్చినదాన్ని కూర్చుని చూసే పనే మిగిలిపోయింది, ఉన్న కొద్దిమంది ఆ పంపకాలు చూసుకుంటారా, ఇది చూస్తారా. కంప్యూటర్లిచ్చినవాళ్ళు లక్షల్లో, చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. 1,200 కోట్ల దాకా పోగుబడ్డ డిటెక్షన్లని వడగట్టి వడగట్టి చివరికి ఓ వందకి తెచ్చి, ఆ వంద చోట్లనీ చైనాలో ఉన్న 500 మీటర్ల ఫాస్ట్ అనే టెలిస్కోప్‌తో మళ్ళీ చూడ్డం మొదలుపెట్టారు. ఇరవయ్యేళ్ళు పైన పట్టింది అక్కడికి రావడానికి.

అంటే మేమందరం ఇచ్చింది చందా. చందా లేకపోతే పని జరగదు, దాన్నేం తక్కువ చేయట్లేదు, ఆ రోజుల్లో డబ్బులిచ్చి అంత కంప్యూటింగ్ కొనాలంటే వాళ్ళ వల్లయ్యేది కాదు. అక్కడ కొరత మాత్రం కళ్ళు. ఇన్‌స్టాల్ మీద నొక్కి నిద్రపోయినవాడు ఒక్క సిగ్నల్ని కూడా చూడలేదు, నాతో సహా.

చూడటం అలవాటైనవాళ్ళు

ఇప్పుడు కళ్ళతో చూసినవాళ్ళ సంగతి. వావ్ సిగ్నల్ (ఒకే ఒక్కసారి పడి మళ్ళీ దొరకని బలమైన రేడియో సిగ్నల్) కథ తెలియనివాళ్ళు ఈ పేజీ చదవరు కాబట్టి కథ చెప్పను. అందులో ఎవరూ పట్టించుకోని సంగతొకటుంది, ఆ సిగ్నల్ పడిన కాగితం మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన జెర్రీ ఎమన్ జీతానికి చేస్తున్న మనిషి కాదు, వాలంటీరు. ఒహాయోలో ఆ బిగ్ ఇయర్ టెలిస్కోప్‌కి గవర్నమెంట్ డబ్బు ఆగిపోయాక వేరే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఇక్కడ ఊరికే పనిచేసేవాడు. కొన్ని రోజులకోసారి ప్రింటౌట్ల కట్ట ఇంటికొచ్చేది, ఆయన కూర్చుని తిరగేసేవాడు. ఆ కాగితాల్లో ఏముంటాయి, ఖాళీలు, ఒకట్లు, రెండ్లు, ఎప్పుడైనా ఒక మూడు. నేపథ్యం గోలకంటే ఎన్ని రెట్లు ఎక్కువుందో ఆ అంకె, 9 దాటితే ఏ, బీ, సీ. 1977 ఆగస్టు 15 నాటి కాగితంలో 6ఈక్యూయూజే5 కనబడింది, యూ అంటే 30 రెట్లు. ఆ వరసని చూడగానే ఆయన చెయ్యి ఆగిందంటే, అంతకుముందు ఆయన కళ్ళ ముందునించి ఎన్ని ఒకట్లూ రెండ్లూ పోయుంటాయో చూడండి. మామూలు ఎలా ఉంటుందో ఒంటికి పట్టేసినవాడికే మామూలు కానిది గుచ్చుకుంటుంది. (ఆ టెలిస్కోప్‌ని 1998లో పీకేసి గోల్ఫ్ కోర్సు పెంచుకున్నారు, మన దగ్గర చెరువులకి జరిగేదే అక్కడ టెలిస్కోప్‌కి జరిగింది.)

రేడియో ఆస్ట్రానమీ విద్యార్థిని జోస్లిన్ బెల్‌దీ అంతే. 1967లో కేంబ్రిడ్జ్‌లో రోజుకి 30 మీటర్ల చార్ట్ కాగితం, అంతా కళ్ళతోనే. అంత కాగితంలో వేలెడంత కూడా లేని ఒక చిన్న గజిబిజి ఇది మామూలు స్టార్ కాదు, మన కార్ల గోలా కాదు అని ఆవిడకి తోచింది. అది పల్సార్ (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు విసిరే చచ్చిన నక్షత్రం) అయ్యింది, సరే, ఏలియన్ కాలేదు.

బియ్యంలో రాళ్ళేరడం అందరికీ తెలుసు. ఇక్కడ చిక్కేంటంటే రాయెలా ఉంటుందో ఎవరూ ఎప్పుడూ చూళ్ళేదు, అది తెల్లగా, గింజంతే, గింజలానే ఉండొచ్చు కూడా. మనకి తెలిసిందల్లా బియ్యమే. కాబట్టి ప్రతి గింజనీ ఇది ఫలానా అని పేరు పెట్టి గుర్తుపట్టగలిగినవాడు కావాలి, రాయి కోసం ఆవేశంగా చూసేవాడు కాదు. ఆవేశంగా చూసేవాడికి ప్రతిదీ రాయే.

అనుభవమున్నవాళ్ళకే ఎంత కష్టమో బీఎల్‌సీ1 అనే సిగ్నల్ సంగతి చూస్తే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో పార్క్స్ డిష్ 2019లో సూర్యుడి తర్వాత మనకి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని చూస్తున్నప్పుడు 982 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి గీత దొరికింది. దాన్ని డేటాలో పట్టుకున్నది డిగ్రీ చదువుతూ ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన అబ్బాయి. స్టార్ వైపు తిప్పినప్పుడు ఉంది, పక్కకి తిప్పినప్పుడు లేదు, జారుతోంది కూడా, అన్నీ కుదిరాయి. చివరికి మిగతా ఫ్రీక్వెన్సీల్లో వెతికితే అచ్చం అలానే జారే గీతలు పదుల కొద్దీ బయటపడ్డాయి, ఏదో ఎలక్ట్రానిక్ సామానులో క్లాకుల నించి పుట్టే లెక్కకి సరిపోయాయి అవన్నీ. అది తేలేసరికి 2021. అదే పార్క్స్‌లో 1998 నించి అప్పుడప్పుడూ కనబడి సైంటిస్టుల్ని ఏడిపించిన ఇంకో రకం సిగ్నల్ ఏంటో 2015లో తేలింది, టైమర్ అవ్వకముందే ఎవరో మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తీస్తున్నారు. అది కనిపెట్టినవాళ్ళకి నా దృష్టిలో ఏలియన్ని పట్టుకున్నంత మర్యాద జరగాలి.

తులసికోట దగ్గర లైటు

నాకీ అభిప్రాయం పుస్తకాల్లోంచి రాలేదు, మా బిల్డింగ్ రెండో ఫ్లోర్ బాల్కనీ నించి వచ్చింది. మేముండేది కాప్రాలో, గవర్నమెంట్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ పక్కనే. చంద్రయాన్‌తో మాట్లాడిన, బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న 32 మీటర్ల డిష్ తయారుచేసింది ఈ ఈసీఐఎల్ వాళ్ళే, మా వీధిలో ఎవర్ని కదిపినా రిటైరైన రేడియో మనిషో సర్వో మనిషో తగులుతారు. అలాంటి ఒక అంకుల్ పోరు పెడితే పెన్‌డ్రైవ్ సైజు ఎస్‌డీఆర్ డాంగిల్ (రేడియో సిగ్నళ్ళని కంప్యూటర్‌లో చూపించే చిన్న రిసీవర్) కొని, ల్యాప్‌టాప్‌కి పెట్టి, వాటర్ ట్యాంక్ పక్కన కూర్చోడం మొదలెట్టాను. స్క్రీన్ మీద అడ్డంగా ఫ్రీక్వెన్సీ, పైనించి కిందకి టైము పారుతూ ఉంటుంది, వాటర్‌ఫాల్ అంటారు.

షార్ట్‌వేవ్ వైపు వింటుంటే రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఒక గీత వచ్చేది. మొదట్లో ఏటవాలుగా, బాగా వేగంగా జారుతూ, తర్వాత్తర్వాత జారుడు తగ్గి అరగంటకి నిటారుగా నిలబడేది. సమాన దూరాల్లో దానికి అటూ ఇటూ ఇంకా గీతలు, అన్నీ ఒకే వాలులో. చూడ్డానికెంత బాగుందంటే, ఇది తెలియనివాడెవడైనా ఫోటో తీసి గ్రూపుల్లో పెడితే మర్నాటికి మన యూట్యూబ్ ఛానళ్ళలో "హైదరాబాద్ ఆకాశంలో అంతుచిక్కని సంకేతాలు" అని థంబ్‌నెయిల్ వచ్చేస్తుంది. అంకుల్ చూసి "వేడెక్కుతున్నదేదో ఉందయ్యా, వేడెక్కేదాకా జారుతుంది, తర్వాత నిలబడుతుంది" అన్నాడు. యాంటెనా చేత్తో పట్టుకుని మెట్లు దిగుకుంటూ వస్తే రెండో ఫ్లోర్లో స్క్రీనంతా మండిపోయింది. ఆంటీ తులసికోట దగ్గర పెట్టుకున్న ఎల్‌ఈడీ లైట్ల దండ, దాని చవక అడాప్టర్. ఒకసారి ఆపమంటే "దీపం ఆర్పమంటావేంటి నాయనా సంజెవేళ" అని కోప్పడింది, తర్వాత "కరెంటు బిల్లుకేమన్నా తేడా చేస్తోందా" అని భయపడింది. స్విచ్ తీయగానే స్క్రీన్ మీద గీతలన్నీ ఒకేసారి మాయం. కొత్త అడాప్టర్ నేనే కొనిచ్చాను, దీపం అలాగే వెలుగుతోంది.

ఆకాశంలోంచి వచ్చేది జారుతుంది, భూమ్మీదది నిలబడుతుంది అని పిల్లలకి చెప్తాం కదా స్లైడ్లలో, తులసికోట అడాప్టర్ కూడా జారుతుంది మరి. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. ఆ గీత వెంట మెట్లు దిగి వచ్చినవాడు మళ్ళీ జన్మలో జారుడు చూసి ఎగిరి గంతెయ్యడు. నిజమైన దూరపు సిగ్నల్ ఎలా జారుతుందో కూడా మన సామానుతోనే నేర్చుకోవాలి, నెదర్లాండ్స్‌లో డ్వింగలో అని 1956 నాటి 25 మీటర్ల డిష్‌ని వాలంటీర్లే బాగుచేసుకుని నడుపుతున్నారు, 2024 చివర్లో దాంతో నాసా వాళ్ళ అంతరిక్ష నౌక వాయేజర్ 1 సిగ్నల్ పట్టారు, దాదాపు 2,500 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నదాన్ని. అది వాయేజరే అని ఎలా చెప్పారు? లెక్క ప్రకారం ఎంత జారాలో అంతే జారింది.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం కెనడా అమెచ్యూర్ స్కాట్ టిల్లీ సంగతి. 2018 జనవరిలో వేరే ఏదో రహస్య శాటిలైట్ కోసం వింటూ ఇంకేదో పలుకుతోందే అని చూస్తే అది నాసా వాళ్ళ ఇమేజ్ అనే శాటిలైట్, 2005 డిసెంబర్లో మాట పోయింది, చచ్చిపోయిందని వదిలేశారు. ఇంట్లో కూర్చుని విన్నవాడు ఇది మనదే అన్నాడు. వాలంటీర్ చెవికి దక్కిన గొప్ప విజయాల్లో ఇదొకటి, అది కూడా "మనదే" అనడమే చూడండి.

జీతానికి చేసే పని ఊరికే ఎందుకు

ఇంతవరకూ నాకు నేనే తాళం వేసుకుంటున్నట్టుంది, నన్ను ఇరుకున పెట్టిన మాట ఒకటుంది. మా అక్క కూతురు మాదాపూర్‌లో డేటా యానొటేషన్ కంపెనీలో చేస్తుంది. రోజంతా రోడ్డు ఫోటోల్లో కారు చుట్టూ ఒక గడి, ఆటో చుట్టూ ఒక గడి, టార్గెట్ ఇన్ని అని ఉంటుంది. యూసీఎల్ఏ వాళ్ళు 2023లో జూనివర్స్ (వాలంటీర్లతో సైన్స్ పనులు చేయించే వెబ్‌సైట్) మీద ఒక ప్రాజెక్ట్ పెట్టారు, అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ 100 మీటర్ల టెలిస్కోప్ పట్టిన సిగ్నళ్ళ బొమ్మలు చూపించి ఇవెలా ఉన్నాయో చెప్పమని అడుగుతారు, గీత నిటారుగా ఉందా, వాలిందా, ఎన్ని ఉన్నాయి, ఇలాంటివి. నేను ఉత్సాహంగా దానికి చూపించాను. రెండు నిమిషాలు చూసి "మామయ్యా, ఇది నా ఉద్యోగమే కదా" అంది.

నిజమే. ఇదే పనికి మాదాపూర్‌లో జీతమిస్తారు, తక్కువైనా ఇస్తారు. ఈ ప్రాజెక్ట్‌లో ఊరికే చెయ్యమంటున్నారు, పైగా ఆ గుర్తింపులన్నీ పెట్టి రేపు మెషీన్‌కి నేర్పిస్తాం అని వాళ్ళే చెప్తున్నారు, అంటే నీ స్థానంలో వచ్చేవాడికి నువ్వే ట్రైనింగ్ ఇస్తున్నావు. నేను లాభాపేక్ష లేదు, యూనివర్సిటీ, సైన్స్ అని ఏదో అన్నాను, దానికి నచ్చలేదు, నాకూ పూర్తిగా నచ్చలేదు. మన ఊళ్ళోనే బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళు వందేళ్ళ కింద ప్రపంచమంతా కలిసి వేసిన ఆకాశం మ్యాపులో మైనస్ 17 నించి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ తీసుకుని గాజు పలకల మీద ఒక్కో నక్షత్రం ఎక్కడుందో కొలిచారు. విసుగెత్తించే పనే, కానీ అది ఉద్యోగం. ఊరికే చెయ్యమని అడగలేదు.

అయినా అది వారం పోయాక మళ్ళీ ఫోన్ చేసింది. కొన్ని బొమ్మలు చేసిందంట. "టార్గెట్ లేదు కదా, హాయిగా ఉంది" అని, తర్వాత "మా దగ్గర ఏదో ఒకటి పెట్టాల్సిందే, తెలీదు అంటే క్వాలిటీ వాళ్ళు తిడతారు, ఇక్కడ తెలీదంటే అసలు ఎందుకు తెలీట్లేదో ఆగి చూసుకోవచ్చు" అంది. ఆ తేడా నాకు తట్టలేదు, గడి గీసే పని చేసినదానికే తట్టింది. జీతం సంగతి తేలలేదు, నేను తేల్చినట్టు నటించను కూడా. కానీ ఈ పని ఊరికే చెయ్యమని అడిగేవాళ్ళు కనీసం ఏం పనో ముందే చెప్పాలి, నేర్పాలి. పూణే దగ్గరున్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ డేటాతో రాడ్ ఎట్ హోమ్ అని 2013 నించి నడుస్తోంది, వాళ్ళు వెతికేది గెలాక్సీలనే గానీ, మామూలు కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి రేడియో బొమ్మలు చదవడం నేర్పిస్తారు. పిల్లాడు బయటికొచ్చేసరికి చేతికి ఒక విద్య వచ్చుంటుంది. సర్టిఫికెట్ అడిగిన అబ్బాయికి ఇది చెప్పుంటే బాగుండేది.

ఏఐ ఉండగా నువ్వెందుకు

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. 2023లో టొరంటో యూనివర్సిటీ విద్యార్థి ఒకరు 820 నక్షత్రాల గ్రీన్ బ్యాంక్ డేటాని మెషీన్ లెర్నింగ్‌తో జల్లించి, అంతకుముందు మామూలు పద్ధతులు వదిలేసిన 8 సిగ్నళ్ళు తీశాడు. మళ్ళీ అటు తిప్పి చూస్తే ఒక్కటీ కనబడలేదు. మెషీన్ జల్లెడ బాగా పడుతుంది, అందులో డౌట్ లేదు, మనిషి కన్ను ఆ లెక్కకి ఎన్నటికీ చాలదు. జల్లెడలో మిగిలినవి ఏంటో చెప్పడం దగ్గర మళ్ళీ మనిషే కూర్చోవాలి, అదీ ఓవెన్ తలుపుల గురించీ అడాప్టర్ల గురించీ తెలిసిన మనిషి. 2012లో సెటీ లైవ్ అని పెట్టినప్పుడు కూడా కాలిఫోర్నియాలో ఉన్న 42 డిష్‌ల అలెన్ అర్రే డేటాలో, మన గోల మరీ ఎక్కువై సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసిన బ్యాండ్లే జనానికి చూపించారు. కొన్నాళ్ళకి మూసేశారు లెండి.

మిగతా సగం ఏంటంటే, రేపు ఓవెన్ తలుపులు కూడా మెషీన్ నేర్చేసుకుంటుందేమో. నేర్చుకుంటే మంచిదే, దానికి నేర్పడానికైనా ముందు ఎవరో ఒకరు మెట్లు దిగి ఆంటీ బాల్కనీ దాకా వెళ్ళాలి.

ఇంకో డౌట్ నన్ను అప్పుడప్పుడూ రాత్రుళ్ళు గిల్లుతుంది. మనదే మనదే అని తీసేసే అలవాటు పడితే నిజమైనది వచ్చినప్పుడు కూడా తీసేస్తామేమో. డిష్‌ని స్టార్ వైపు అయిదు నిమిషాలు, పక్కకి అయిదు నిమిషాలు మార్చిమార్చి తిప్పి, రెండు వైపులా కనబడితే కొట్టేస్తారు. మన శాటిలైట్ మీదపడి రెండు వైపులా నింపేసిన ఫ్రీక్వెన్సీలోనే పాపం అవతలివాడు కూడా పలుకుతుంటే? పోయినట్టే. అందుకే సెటీ ఎట్ హోమ్ వాళ్ళు చివరి లెక్కల్లో బర్డీలని దొంగ సిగ్నళ్ళు తామే కలిపి, జల్లెడ వాటిని పట్టుకుంటోందా జారవిడుస్తోందా అని చూసుకున్నారు. ఇలాంటి పరీక్ష వాలంటీర్ల కళ్ళకి కూడా పెట్టాలి, పెడితే ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు.

హైదరాబాద్‌లో చెయ్యగలిగింది

గ్రీన్ బ్యాంక్ చుట్టూ అమెరికా వాళ్ళు 1958లో రేడియో నిశ్శబ్ద మండలం పెట్టుకున్నారు, తెలంగాణ జిల్లాలు కొన్ని పట్టేంత జాగా. మన దగ్గర నిశ్శబ్దం అడిగితే నవ్వుతారు. ఇక్కడినించి స్టార్ల మాటలు వినడం కుదరదు, అది ఆశ పెట్టుకోవద్దు. ఆంటీ గీత లాంటివి కావాలంటే మాత్రం ఇంతకంటే మంచి ఊరు లేదు. లిఫ్టు మోటార్లు, ఇన్వర్టర్లు, పెళ్ళి మండపాల సీరియల్ లైట్లు, సెల్ టవర్లు, ఒక్కోదానికీ వాటర్‌ఫాల్‌లో ఒక్కో మొహం ఉంటుంది. డాంగిల్, ఒక మామూలు యాంటెనా, నోట్‌బుక్ చాలు. ఇంకా లోతుగా పోవాలంటే సోమాజిగూడలో రాజ్‌భవన్ రోడ్డు మీద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నించి, హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ సంగతి అక్కడ అడగొచ్చు.

1400 నించి 1427 మెగాహెర్ట్జ్ దాకా ప్రపంచంలో ఎవరూ ట్రాన్స్‌మిట్ చెయ్యకూడదని రూలు, ఆకాశంలో హైడ్రోజన్ సహజంగా పలికే గీత 1420 అక్కడే ఉంది కాబట్టి. మన ఊళ్ళో ఆ పట్టీ నిజంగా ఖాళీగా ఉందా అన్నది ఒక్క టెర్రస్ మీద కూర్చుని చెప్పలేం. కాప్రాలో కనబడి మియాపూర్‌లో కనబడకపోతే అది కాప్రాదే, ఏ బాల్కనీదో వెతుక్కోవచ్చు. రెండు చోట్లా ఒకే క్షణంలో ఒకేలా కనబడితే పైన శాటిలైట్ ఏమన్నా పోతోందా అని చూడాలి. కాబట్టి ఎల్‌బీ నగర్, మియాపూర్, మెహిదీపట్నం వైపు డాంగిల్ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే కింద కామెంట్లో చెప్పండి, ఒక శనివారం రాత్రి గడియారాలు కలుపుకుని అందరం అదే పట్టీ రికార్డ్ చేద్దాం, ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూద్దాం. మెట్రో పిల్లర్ల పక్క ఫ్లాట్లో ఉండేవాళ్ళు తప్పకుండా చెప్పండి, ఆ 25 కిలోవోల్టుల వైరు కింద రైలు పోతున్నప్పుడు స్క్రీన్ మీద ఏం పడుతుందో నాకు ఎప్పట్నించో చూడాలనుంది.